ఎనిమిది అడుగుల వాన

పోస్టుమాన్ కుళ్ళాయప్ప మా గడప ముందు సైకిలు ఆపి, "రాయుడూ, మద్రాసు కవరు వచ్చిండాది, ఇంగ్లీషు టైపు" అని కేక వేసేసరికి ఇంట్లో రెండు మగ్గాలూ ఒకేసారి ఆగిపోయాయి. నేను పెళ్ళై ధర్మవరం వచ్చి మూడు నెలలు. ఆ మూడు నెలల్లో పగటిపూట రెండూ కలిసి ఆగడం అదే మొదటిసారి. పక్కింటి తిమ్మక్క రోట్లో కారం దంచే చప్పుడు ఎంత దగ్గరగా ఉంటుందో అప్పుడే తెలిసింది.

కండెలు చుడుతున్న రాట్నం వదిలేసి లేచాను. మా మామ గంగాధరప్ప మగ్గం గుంతలోంచి తల ఎత్తి, "అట్ల పట్టుకోని నిలబడుకుంటే ఎట్లమ్మా. చించి చదువు. బి.ఏ. దేనికి చదివినావు" అన్నారు. మా ఆయన హనుమంతరాయుడు రెండో మగ్గం దగ్గర నుంచి కదలనే లేదు. చెవి మీద పెన్సిలు అలాగే ఉంది. ఆ పెన్సిలంటే నాకు ఇష్టం. స్నానానికి పోయేటప్పుడు కూడా తీయడం మరచిపోతారు.

ఉత్తరంలో మూడు పేరాలు ఉన్నాయి. మొదటిది చదివి తెలుగులో చెప్పాను. "మీరు పంపిన వాన సంగీతం మాకు చాలా నచ్చింది. మా బొమ్మల సినిమాకు దాన్నే తీసుకుంటున్నాం. ఆగస్టు ఇరవై ఏడో తేదీన ముప్పైమంది వాద్యగాళ్ళతో రికార్డు చేస్తున్నాం. మీరు దగ్గరుండాలి."

"ముప్పైమందా" అంది మా అత్త ఓబులమ్మ, వంటింటి గుమ్మంలోంచి. "ముప్పైమందీ మావాడు చెప్పినట్ల వాయిస్తారా?"

"వాయిస్తారు అత్తా."

"మరి అంతమందికి అన్నం ఎవరు పెడ్తారో."

రెండో పేరా నా గురించే. అప్లికేషన్ ఉత్తరం రాసిన మీ శ్రీమతి దస్తూరి మా ఆఫీసులో అందరికీ నచ్చింది, ఆమెను కూడా తీసుకురండి, సముద్రం ఇక్కడికి నడిచిపోయే దూరమే అని ఉంది. అది చదువుతుంటే నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. నేను సముద్రం చూడలేదు. అనంతపురంలో పుట్టి పెరిగినదాన్ని, నిండిన చెరువు చూడటమే మాకు గొప్ప.

మూడో పేరా ముందు కళ్ళతో చదివి ఆగిపోయాను.

అందులో ఇలా ఉంది. "మీ గ్రాఫు చుట్టను గోడకు వేలాడదీసి, పై వరస నుంచి మొదలుపెట్టి అడుగు దాకా చదివి, మా కాపీ రాసే ఆయన దాన్ని స్వరాల్లోకి మార్చి పియానో మీద వినిపించాడు. వాన చివర్లో వస్తుందని అందరూ అనుకుంటారు. మీరు ముప్పై వాద్యాలతో మొదటే కురిపించేసి, తర్వాత ఒక్కొక్కరినీ పంపించి, చివరకు ఒకే ఒక్క చినుకు చప్పుడు మిగిల్చారు. ఈ ఆలోచన కోసమే మిమ్మల్ని ఎంచుకున్నాం. దీనికి తగ్గట్టు కథ మార్చి బొమ్మలు గీస్తాం."

మా ఆయన వానను మొదట కురిపించలేదు. చివర కురిపించారు. మద్రాసువాళ్ళు ఆయన సంగీతాన్ని తలకిందులుగా చదివారు.

"ఇంకేముండాది?" అన్నారు మామ.

నేను మా ఆయన వైపు చూశాను. నవ్వడం లేదు. కింది పెదవిని పంటితో పట్టుకుని, పట్టు దారం తెగిపోతుందేమో అన్నంత జాగ్రత్తగా ఊపిరి తీసుకుంటున్నారు.

"అంతే మామా. సంతకం" అన్నాను.

*

మా ఆయన పదో తరగతితో చదువు ఆపి మగ్గం ఎక్కారు. నేత కంటే చీరల డిజైన్లు గీయడంలో పేరు తెచ్చుకున్నారు. జాకార్డు మగ్గానికి ముందు గ్రాఫు కాగితం మీద నెమలినో మామిడి పిందెనో గడులు నింపి గీస్తారు. ఒక్కో అడ్డవరసకు ఒక్కో అట్ట. ఆ అట్టకు గడుల ప్రకారం చిల్లులు కొడితే, మగ్గం ఆ చిల్లులను బట్టి దారాలు లేపుతుంది. చీర మొదలైన చోటి నుంచి నేత పైకి పెరుగుతుంది కాబట్టి గ్రాఫు కూడా అడుగు వరస నుంచే మొదలు. కొత్తలో నేను ఆయన గీసిన కాగితం చేతికి తీసుకుని పై నుంచి చూడబోతే, "ఏ నెమలికైనా కాళ్ళు ముందు నేస్తాం, తల తర్వాత" అన్నారు. ఆ మాట నాకు ఎంత నచ్చిందో. రెండు రోజులు దాన్నే అనుకుంటూ అంట్లు తోమాను.

సంగీతం ఆయనకు యేసన్న సారు దగ్గర వచ్చింది. సారు రైలు గేటు అవతల ఉంటారు. చర్చిలో హార్మోనియం వాయిస్తారు, పిల్లలకు ఫిడేలు నేర్పుతారు. మా ఆయన ఎనిమిదో తరగతిలో ఉండగా బడి మైదానంలో ప్రచార శాఖ వాళ్ళు జీపు మీద తెర కట్టి ఒక బొమ్మల సినిమా వేశారట. ఏనుగు పిల్ల ఒకటి మెట్లు దిగుతుంటే, మెట్టు మెట్టుకూ పెద్ద ఫిడేళ్ళు ఒక్కో స్వరం కిందికి దిగాయట. "బొమ్మకు బరువుండదు ఆంజినీ. కాగితం మీద గీత అది. ఆ ఫిడేళ్ళు మోగితేనే ఏనుగుకు బరువు వచ్చినాది. నేను ఆ పొద్దు నుంచి సినిమాలో బొమ్మల కంటే చప్పుడే ఎక్కువ చూస్తాండా" అని నాతో చెప్పారు పెళ్ళైన నాలుగో రోజున. కొత్త పెళ్ళాంతో మాట్లాడటానికి వేరే సంగతి దొరకలేదా అనుకున్నాను కానీ, ఆ పూటే నేను కూడా ఆ ఏనుగు పిల్లను ప్రేమించాను.

జూన్‌లో యేసన్న సారు ఇంగ్లీషు పేపరు ముక్క కత్తిరించి తెచ్చారు. మద్రాసులో పిల్లల కోసం బొమ్మల సినిమా తీసే చిన్న సంస్థ ఒకటి కొత్తవాళ్ళ నుంచి సంగీతం అడుగుతోంది. కరువు సీమలో ఒక మేకపిల్ల ఎండిన బావి నుంచి ఎండిన వంక దాకా మేఘాన్ని వెతుక్కుంటూ పోతుంది. మాటలుండవు, నాలుగు నిమిషాలు సంగీతమే. సంగీతం తేలాకే బొమ్మలు గీస్తారు. ఏ రకం లిపిలో రాసి పంపినా ఫరవాలేదు.

సారు నేర్పిన లిపిలో ఐదు గీతల మీద చుక్కలు పెట్టబోతే మా ఆయనకు చేయి సాగలేదు. "చుక్క పెట్టేలోపల పాట పారిపోతాంది" అన్నారు. చివరకు గ్రాఫు కాగితం ముందేసుకున్నారు. సెకనుకు నాలుగు వరసలు, వరసలో గడి ఉన్న చోటును బట్టి స్వరం. నాలుగు నిమిషాలకు తొమ్మిది వందల అరవై వరసలు. ఎర్ర గడి ఫిడేలు, నీలం వేణువు, పచ్చ పెద్ద ఫిడేలు, నలుపు డప్పులూ చెక్కలూ. అడుగున ఒక్క నల్ల గడి, చెక్క మీద ఒక దెబ్బ, మేకపిల్ల గిట్ట. పైకి పోయేకొద్దీ ఒక్కో రంగూ చేరి, పైన ఎనిమిదో అడుగు దగ్గర అన్ని రంగులూ ఒకదాన్నొకటి తోసుకుంటూ వాన. కాగితాలన్నీ మైదా బంకతో ఒకదానికొకటి అంటించి, చీర చుట్టే అట్టగొట్టంలో పెట్టి పంపాం.

ఆ వానకు రంగులు నింపింది నేను. పెళ్ళైన కొత్తలో అందరూ సినిమాకు పోతారు, మేము వసారాలో బోర్లా పడుకుని గడులు నింపాం. ఆయన పెన్సిలుతో చిన్న చుక్క పెట్టేవారు, నేను రంగు వేసేదాన్ని. ఒకే గడిలో ఇద్దరి చేతులూ తగిలేవి. నా జీవితంలో అంతకు మించిన సంతోషం నాకు తెలియదు. సాపు ప్రతి మీద పేరూ చిరునామా, ఏ రంగు ఏ వాద్యమో ఇంగ్లీషులో నేనే రాశాను. అడుగు వరస పక్కన మొదలు ఇక్కడ అని బాణం గుర్తు ఒకటి గీద్దామా అని కూడా అనుకున్నాను. అనుకున్నప్పుడే నవ్వొచ్చింది. ఈ ఊళ్ళో ఎవరికైనా అలా రాసిచ్చామంటే, అన్నం నోట్లో పెట్టుకోవాలని రాసిచ్చినట్టుంటుంది. మూడు నెలల్లోనే నేను అంత ధర్మవరం దాన్నైపోయాను. గీయలేదు.

*

అత్త ఓళిగలకు శనగబేడలు ఉడకేసి బెల్లం దంచింది. తిమ్మక్క వచ్చి, "మీ వాడు సినిమాలో కనపడ్తాడా" అని అడిగింది. కనపడడు, వినపడతాడు అన్నాను. "అదేం సినిమామ్మా" అని నిరాశగా వెళ్ళి మళ్ళీ ఓళిగ వేళకు వచ్చింది. ఆయన ఉత్తరాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నారు. నేస్తూ నేస్తూ మధ్యలో జేబు తట్టి చూసుకుంటున్నారు. తట్టినప్పుడల్లా నేను రాట్నం వైపు తల తిప్పుకునేదాన్ని.

"సాయంత్రం యేసన్న సారు కాడికి పోదాం" అన్నారు భోజనం దగ్గర. "సారు ఇంగ్లీషులో ఒకసారి గట్టిగా చదివితే వినల్లని ఉండాది. నువ్వు తెలుగులో చెప్పినావు. అట్ల కాదు, వాళ్ళు ఎట్ల అన్యారో అట్లనే."

సాయంత్రం దాకా నాకు సమయం ఉంది.

ఎందుకు చెప్పలేదని నన్ను నేను అడుగుతూనే ఉన్నాను. ఆయన మొహం చూసి చెప్పలేకపోయాను, అది నిజం. సముద్రం కూడా నిజం. రైల్లో కిటికీ పక్కన ఎదురెదురుగా కూర్చుంటామని ఒక్క నిమిషంలో నేను ఎంత దూరం పోయానో. కానీ వాటి కింద ఇంకొకటి ఉంది. మద్రాసువాళ్ళకు నచ్చింది తలకిందుల సంగీతమే. సంగతి తెలిస్తే, అసలుది మాకు అక్కర్లేదు అంటే? పదిహేనేళ్ళుగా ఈ మనిషి తెర వెనక చప్పుడు వింటూ బతికాడు. ముప్పైమంది ఒకసారి ఆయన కోసం వాయిస్తారు. ఇంకోసారి ఎవరు పిలుస్తారు ఈ ఊరికి ఉత్తరం రాసి?

అత్త మంచి రోజని పట్టుచీర కట్టుకుంది. మెరూన్ రంగు చీర, ఆకుపచ్చ అంచు. ఓళిగలు తట్టుతుంటే ఆమె కొంగు నా ముందు పరుచుకుంది. దాని మీది నెమళ్ళన్నీ తలలు కిందికి పెట్టి, కాళ్ళు ఆకాశానికి చాపి ఉన్నాయి.

"అత్తా, ఈ నెమళ్ళేంటి ఇట్లున్నాయి?"

"మీ మామను అడుగు" అంది అత్త.

మామ విన్నారు. "అట్టలు కుట్టేటప్పుడు వరస తిరగబడింది. నేసినాక గాని చూసుకోలేదు. పదేండ్లయింది" అన్నారు.

"కథంతా చెప్పప్పా. సగం చెప్తావేం" అంది అత్త. నా వైపు తిరిగింది. "బెంగుళూరు సేటు వచ్చి ఈ చీర చూసి, ఇదేందో కొత్త డిజైనుండాది, ఇట్లాంటివి ఇంకో పది కావల్ల అన్యాడు. నోరు మూసుకోని ఊ అంటే పోతాండె. ఈయప్ప, అయ్యా ఇది డిజైను కాదు, తప్పు అన్యాడు. సేటు చీర ఆడనే పెట్టి లేసి పోయినాడు."

"తప్పును తప్పంటే తప్పా?"

"సేటుకు నచ్చింది గదా. నెమలి తలకిందులుంటే నీకేం నొప్పి? దానికి నొప్పి ఉండల్ల గాని."

"మళ్ళా పది నేయమంటే నేసేది నేను. పొద్దున లేసి తెలిసీ తెలిసీ తప్పు నేయల్ల. అది నాతో కాదు" అన్నారు మామ. "ఏమన్నా అంటాంది గాని చూడు కోడలా, పండగ వస్తే కట్టుకునేది ఆ చీరనే."

"పారేయలేక కట్టుకుంటాండా" అంది అత్త. కొంగును మాత్రం పిండి తగలకుండా జాగ్రత్తగా నడుముకు దోపుకుంది.

ఇద్దరి మాటా నాకు సరైనదిగానే తోచింది. అదే చిక్కు.

*

నాలుగున్నరకు సైకిలు మీద బయలుదేరాం. మా దగ్గర మిగిలిన రంగుల చిత్తుప్రతి చుట్ట నా ఒళ్ళో అడ్డంగా పెట్టుకుని వెనక క్యారియరు మీద కూర్చున్నాను. శ్రావణం వచ్చినా మబ్బు లేదు. దారి పక్క చేలల్లో వేరుశనగ మొక్కలు జానెడు కూడా లేవక పసుపు తిరిగాయి. గాలి మాత్రం ఊరికే వీస్తోంది. ఆయన చొక్కా ఉబ్బి నా మొహానికి తగులుతోంది, గంజి వాసన. ఇంకొక రోజైతే నేను ఆ చొక్కాకే ఒక పాట కట్టేదాన్ని.

రైలు గేటు వేసి ఉంది. దిగి నిలబడ్డాం. గేటు అవతల సారు ఇంటి పెంకులు కనిపిస్తున్నాయి. ఇక దారి అంతే మిగిలింది.

"ఆ ఉత్తరంలో మూడో పేరా ఉండాది. పొద్దున నేను చదవలేదు" అన్నాను.

అప్పుడే గూడ్సు బండి వచ్చింది. ఆయన నా పెదవులు కదలడం చూసి చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నారు. బండి పోతూనే ఉంది. బొగ్గు పెట్టెలు, ఖాళీ పెట్టెలు, మళ్ళీ బొగ్గు. గార్డు పెట్టె పోయాక, "ఏమంటివి?" అన్నారు. ఒకసారి చెప్పడానికి కూడగట్టుకున్న ధైర్యం ఒకసారికే సరిపోయింది. రెండోసారికి అప్పు తెచ్చుకున్నట్టు చెప్పాను. జేబులోంచి ఉత్తరం తీయించి, ఒక్క మాట వదలకుండా తెలుగు చేశాను.

"పైనుంచా?" అన్నారు ఆయన. నీళ్ళు ముక్కుతో తాగారంటే ఎలా అడుగుతారో అలా అడిగారు. "పైనుంచి ఎట్ల చదువుతారు?"

"అందరూ అట్లనే చదువుతారు. పేపరు, పుస్తకం, ఈ ఉత్తరం కూడా పైనుంచే."

చేతిలోని ఉత్తరం వైపు చూసుకున్నారు. గేటు లేచింది. వెనక ఎద్దులబండి వాడు "జరగప్పా" అన్నాడు. సైకిలు పక్కకు జరిపారు కానీ ముందుకు నడవలేదు.

"బాణం గుర్తు పెడదామనుకున్యా. పెట్టలేదు" అన్నాను.

"నాకు ఆ తలంపు కూడా రాలేదు." ఉత్తరం మడిచి జేబులో పెట్టుకుని, "పొద్దున ఎందుకు చెప్పకపోతివి?" అన్నారు.

"మీ మొహం చూసి."

"నా మొహం చూసి" అని మెల్లగా అన్నారు. "మద్రాసులో ముప్పైమంది వాయించడం మొదలుపెడితే, మొదటి నిమిషంలో నాకు తెలిసిపోయేది గదా. అప్పుడు నా మొహం యాడ పెట్టుకుంటాంటి?"

అంత దూరం నేను ఆలోచించలేదు. రైలు దాకా ఆలోచించాను, సముద్రం దాకా ఆలోచించాను. ఆ గది దాకా పోలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆయన చూశారు. "సరే, ఎక్కు" అన్నారు. కోపం లేదు. కోపం ఉంటే నాకు ఇంకొంచెం తేలికగా ఉండేది.

*

యేసన్న సారు ఉత్తరాన్ని కళ్ళద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివారు. తర్వాత గట్టిగా నవ్వి, వెంటనే ఆపుకున్నారు.

"తప్పు నీదీ కాదు, వాళ్ళదీ కాదురా. ఏం చేద్దామనుకుంటాండావు?"

"ముందు వినల్ల సార్. వాళ్ళు విన్నది నేను వినలేదు గదా."

చుట్టను గోడ మీద మేకుకు వేలాడదీశాం. సారు హార్మోనియం ముందు కూర్చున్నారు, మా ఆయన ఫిడేలు తీశారు. రెండు వాద్యాలతో ముప్పై రావు కానీ ఉన్నంతలో సర్దుకున్నారు. చెక్క దెబ్బలు నా వంతు. సారు భార్య పీట ఒకటి ఇచ్చింది, దాని మీద గరిటెతో కొట్టాలి. పై వరస నుంచి మొదలుపెట్టారు.

అడగకుండానే వాన మీద పడింది. నేను రంగులు వేసిన వానే. కానీ ఎక్కడి నుంచి వస్తోందో తెలియని వాన. తర్వాత వేణువు గడులు తప్పుకున్నాయి. పెద్ద ఫిడేళ్ళు తప్పుకున్నాయి. ఒక రాగం మొదలవబోయి వెనక్కి పోయినట్టు వినిపించింది. చివరకు సారు వేళ్ళు కూడా ఆగిపోయి, నా గరిటె దెబ్బ ఒక్కటే మిగిలింది. కొట్టి ఆపాను.

బాగుంది. అదే కష్టం. మా నేల మీద వాన అలాగే వస్తుంది నిజంగా. ఒక్కసారి ఎవరూ పిలవకుండా వచ్చి, పోయి, తర్వాత సంవత్సరమంతా ఆ ఒక్క చప్పుడునే తలచుకుంటాం. మద్రాసులో కూర్చున్నవాళ్ళకు మా సంగతి ఎలా తెలిసిందో.

"ఇది బాగుండాదిరా. అబద్ధం చెప్పను" అన్నారు సారు. "దీన్నే ఉండనీయి. దేవుడు ఒక చెయ్యి వేసినాడనుకో."

మా ఆయన ఫిడేలు మళ్ళీ సర్దుకున్నారు. "ఇప్పుడు కిందినుంచి" అన్నారు.

నేను పీట మీద ఒక దెబ్బ వేశాను. ఆగి ఇంకొకటి. మేకపిల్ల నడిచింది. ఎండిన బావి దగ్గర ఫిడేలు ఒక ప్రశ్న వేసింది, హార్మోనియం జవాబివ్వలేదు. వంక దగ్గర మళ్ళీ అడిగింది. ఈసారి దూరంగా ఏదో కదిలింది. ఒక్కో రంగూ వచ్చి పక్కన చేరుతూ, చేరుతూ, ఎనిమిదో అడుగు దగ్గర అందరూ ఒక్కసారి కురిశారు. రెండు వాద్యాలూ ఒక గరిటే, అయినా నాకు ముప్పైమందీ వినిపించారు. సారు భార్య ఉతికిన బట్టలు వాకిట్లో ఉన్నాయేమో చూడటానికి గుమ్మం దాకా వెళ్ళి, తనలో తానే నవ్వుకుంటూ వచ్చింది.

ఫిడేలు కిందికి దించి ఆయన సారు వైపు తిరిగారు. "సార్, వాళ్ళు చదివింది నిజం. ఈ ఊరి నిజం అదే. నేను కాదనను. అయితే ఇది పిల్లోళ్ళ సినిమా. నాకు ఆరేండ్లప్పుడు కరువొచ్చి, మా నాయన మగ్గం తీసి అటక మీద పెట్టి కంకర కొట్టనీకి పోయినాడు. ఆ ఏడు మాకెవరూ వాన కతలు గూడా చెప్పలేదు. చెప్తే ఏడుస్తామని. నేను ఇది రాసేటప్పుడు ఒకటే అనుకున్యా. పిల్లోళ్ళు సినిమా చూసిన చీకటి గదిలోంచి తడిసి బయటికి రావల్ల."

"మరి వాళ్ళు వద్దంటే?" అన్నారు సారు. "వాళ్ళకు నచ్చింది ఆ ఆలోచనే గదా. నీది కాదని నువ్వే చెప్తే, నిన్నెందుకు పిలుస్తారు?"

ఆయన ఫిడేలు తీగలు తుడుస్తున్నారు. తుడిచిన తీగనే మళ్ళీ తుడుస్తున్నారు.

"పిలవకపోతే పిలవరు" అన్నారు. "ముప్పైమంది వాయించల్లని నాకు ఎంత ఆశ ఉండాదో మీకు తెలుసు సార్. అయితే వాళ్ళు వాయించినాక, అందరూ నా పక్క తిరిగి, ఎట్ల తోచింది నీకు అని అడుగుతారు. నాకు తోచలేదు అని చెప్పల్ల, లేకుంటే తోచింది అని చెప్పల్ల. ఆ రెండో మాట చెప్పి నేను మళ్ళా గడి నింపలేను." తర్వాత నా వైపు తిరిగారు. గొంతు తగ్గించారు. "సముద్రం చూడల్లనుకున్యావు గదా."

"ఇప్పుడూ చూడల్లనే ఉండాది" అన్నాను. అబద్ధం చెప్పే రోజు కాదది. "అయితే ఆ గదిలో మీ మొహం చూసుకుంటా సముద్రం దగ్గరికి పోలేను."

సారు హార్మోనియం మూత వేశారు. "ఇరవై ఏడుకు ఇంక పది దినాలే ఉండాయి. ఉత్తరం రాస్తే పోయేసరికి నాలుగు దినాలు, జవాబుకు నాలుగు. వాళ్ళు ఈలోపల ముప్పైమందికీ పేపర్లు రాసేసుంటారు. ఎట్ల చెప్తావు?"

ఉత్తరం అడుగున చిన్న అక్షరాల్లో ఫోను నంబరు ఉంది. నేను వేలు పెట్టి చూపించాను.

"ఇంగ్లీషులో మాట్లాడల్లంటే నాకు నోరు లేవదు" అన్నారు ఆయన.

"నేను మాట్లాడ్తా" అన్నాను. ఫోనులో ఇంగ్లీషు నేను ఎప్పుడూ మాట్లాడలేదు. అసలు ఫోనులోనే రెండుసార్లు మాట్లాడాను. "ఇది మా డిజైను కాదు, అడుగు నుంచి మొదలుపెట్టి ఒకసారి వాయించి చూడండి అని చెప్తా. విన్నాక కూడా పైనుంచిదే కావల్లంటే వాడుకోండి, అయితే ఆ ఆలోచన మీదేనని మీ పేరు వేసుకోండి అని చెప్తా. బాణం గుర్తు పెట్టని తప్పు నాదని కూడా చెప్తా."

"అది చెప్పొద్దు."

"చెప్తా."

మూడు నెలల్లో ఆయన మాటకు నేను ఎదురు చెప్పడం అదే మొదలు. ఆయన నన్ను కొత్తగా చూసి, చుట్టను మేకు మీది నుంచి దించారు. ఎనిమిది అడుగుల కాగితాన్ని ఇద్దరం చెరో వైపు పట్టుకుని, విప్పగానే అడుగు వరసే ముందు కనపడేలా మెల్లగా చుట్టాం.

"పోస్టాఫీసు తొమ్మిదికి తెరుస్తారు" అన్నారు ఆయన. "రేపు ఎనిమిదిన్నరకే పోయి మెట్ల మీద కూర్చుందాం. మొదటి ట్రంకు కాల్ మనదే కావల్ల. లైను దొరికితే సరి. మధ్యాన్నం దాకా దొరకకపోతే, ఈ చుట్ట తీసుకోని పాకాల పాసింజరు ఎక్కి మద్రాసుకే పోదాం. విన్నాక వాళ్ళు ఉండమన్యా, పొమ్మన్యా."